బాంబు నాలుగింటిదాకా ఆగుతాదా?

మొన్న సాయంత్రం అరసవల్లిలో మా వీధి చివర, ఆటో మీద కట్టిన మైకులోంచి సైరన్ కూసింది. ఫోనులో రికార్డు చేసిన కూత. మధ్యలో ఒకసారి తెగిపోయి, గరగరమని మళ్ళీ అందుకుంది. ఆ కూత చెవిన పడగానే నా రెండు అరచేతుల్లోనూ ఇసుక గుచ్చుకుంది. చేతులు తిప్పి చూసుకున్నాను. శుభ్రంగానే ఉన్నాయి. అరవై దాటిన మనిషిని, నున్నటి గచ్చు మీద కుర్చీలో కూర్చున్న మనిషిని, నాకు ఇసుక ఎక్కడినుంచి వస్తుంది?

సరిహద్దులో మళ్ళీ యుద్ధం మాట వినిపిస్తున్న రోజులు. ఏదైనా ముంచుకొస్తే జనం ఎలా బయటపడాలో ముందుగా అలవాటు చేయిస్తున్నారట. సైరన్ మోగగానే వీధిలో అందరూ మలుపు దగ్గరి మైదానానికి చేరాలి. ఆ ఉదయమే ఒక కుర్రాడు పేర్ల కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. నా కాళ్ళకున్న ఇనుప పట్టీలు చూశాడు, గోడకు ఆనించిన చేతికర్రలు చూశాడు, చాలా మర్యాదగా, "తాతగారూ, మీరు రానక్కర్లేదండి. మీకు మినహాయింపు ఇచ్చినాం. ఇంట్లోనే హాయిగా కూకోండి" అన్నాడు. కాగితం అందుకుని చూశాను. అడుగున ఇద్దరి పేర్లకు ఎదురుగా ఎర్ర గీత. ఒకటి నాది. రెండోది ఎదురింటి హాసినిది. పదేళ్ళ పిల్ల. పుట్టుకతోనే కాళ్ళు స్వాధీనంలో లేవు, మాట కాస్త మెల్లగా వస్తుంది, చక్రాల కుర్చీలో తిరుగుతుంది.

మినహాయింపు! ఆ మాట నేను యాభై ఏళ్ళ కిందట విన్నాను. అప్పుడూ ఇంతే మర్యాదగా, నా మేలు కోరినట్టే అన్నారు. ఆ మాటను నా మీదనుంచి ఊడబెరికిన మనిషి ఒకరున్నారు. నరసమ్మ టీచరు. ఆవిణ్ణి మీరు చూసి ఉండరు. చూసి ఉంటే ఇష్టపడి ఉండేవారని నేను హామీ ఇవ్వలేను. నాకే చాలాకాలం ఆవిడంటే ఒళ్ళు మంట.

మా ఊరు కళింగపట్నానికి దగ్గర, సముద్రం ఒడ్డున. రేవు నడిచిన కాలంలో మా పెద్దలకు అక్కడ గోదాములుండేవి. రేవు పోయింది, గోదాములు పోయాయి. నాకు ఊహ తెలిసేసరికి మిగిలినవి సగం కప్పు ఉన్న మేడ, అటక మీద చెదలు తింటున్న పల్లకీ, మా నాయనమ్మ. ఈ మూడింటిలో గట్టిగా నిలబడ్డది నాయనమ్మ ఒక్కతే. రెండో ఏట వచ్చిన జ్వరం నా రెండు కాళ్ళనూ తీసుకుపోయింది. పోలియో అన్నారు. ఆ తరువాత నాయనమ్మ నా విషయంలో రెండు కట్టుబాట్లు పెట్టింది. నన్ను మా ఇంటి పనివాడు గురువులు తప్ప ఇంకెవరూ ఎత్తకూడదు, ఎందుకంటే గురువులు తాత మా పల్లకీ మోసినవాడు. నేను పదిమంది కంటపడేలా నేల మీద ఉండకూడదు, ఎందుకంటే ఆ ఇంటి మగపిల్లలు నేల మీద పాకరు. ఇంట్లో మాత్రం నేను బల్లిలా పాకేవాణ్ణి. వీధి గుమ్మంలో పరాయి గొంతు వినిపిస్తే చాలు, గురువులు పరుగెత్తుకొచ్చి నన్ను కుర్చీలో పడేసి, కాళ్ళ మీద పంచె కప్పేవాడు.

ఇదంతా ఎటు పోతుందో ఆ వయసులోనే నాకు కొంత తెలుసు. మా ఇంట్లో ఒక వెనకగది ఉండేది. అందులో మా నాన్నకు అక్క, నా మేనత్త, నలభై ఏళ్ళు బతికి పోయింది. పుట్టుకతోనే ఆవిడ నడుము వంకర. అలాంటి మనిషి ఒకరు మా ఇంట్లో ఉన్నారన్న సంగతి ఊళ్ళో చాలామందికి ఆవిడ పోయాకే తెలిసింది. మా నాన్న చనిపోయే ముందు నాయనమ్మ దగ్గర మాట తీసుకున్నాడు కనుక నన్ను బడికి పంపారు. ఆ మాట ఒక్కటే నాకూ ఆ వెనకగదికీ మధ్య అడ్డు.

బడిలో మిగతా పిల్లలు నేల మీద. నాకు మా ఇంటినుంచి వచ్చిన చేతుల కుర్చీ, కిటికీ పక్కన. పదింటికి గురువులు నన్ను అందులో దించేవాడు, నాలుగింటికి ఎత్తుకునేవాడు. ఈ మధ్యలో నేను కదిలేవాణ్ణి కాదు. మంచినీళ్ళు తాగేవాణ్ణి కాదు. ఎందుకో వివరంగా చెప్పనక్కర్లేదు. మేష్టర్లందరూ నన్ను బాబుగారూ అనేవారు. నా వెనక, మూలలో, పోలమ్మ కూర్చునేది. చేపలు పట్టేవాళ్ళ పిల్ల. పుట్టు చెవిటి. రోజంతా గోడవైపు తిరిగి, తల వంచుకుని పలక మీద పడవలు గీసుకునేది. ఆమె ఎందుకు వస్తుందో ఎవరూ అడగలేదు, నేను కూడా.

డెబ్బై ఒకటి చలికాలంలో పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. విశాఖపట్నం మాకు దూరం కాదు. సముద్రంలో జలాంతర్గాములు తిరుగుతున్నాయన్నారు. మా బడి కిటికీలకు నీలం కాగితాలు అంటించారు. సరుగుడు చెట్ల కింద ఇసుకలో వంకరటింకరగా కందకం తవ్వారు. బడి గంట అంటే వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అది ఆగకుండా మోగితే పిల్లలందరూ పరుగెత్తి కందకంలో బోర్లా పడుకోవాలి. చెవుల్లో వేళ్ళు, పళ్ళ మధ్య తువ్వాలు మడత. హెడ్మాస్టరు గారు ముందు రోజే నా దగ్గరికి వచ్చి, "బాబుగారికి మినహాయింపు" అని తల నిమిరి వెళ్ళారు. నన్ను ఎవరు ముట్టుకుంటే నాయనమ్మకు కోపం వస్తుందో అన్నది ఆయన భయం. పోలమ్మ సంగతి ఎవరికీ తట్టనేలేదు.

మొదటిసారి ఆ గంట మోగినప్పుడు గది ఒక్క ఊపులో ఖాళీ అయింది. పలకలు, సంచులు చిందరవందరగా పడి ఉన్నాయి. నేను నా కుర్చీలో, బాంబు పడితే ముందుగా పగిలే కిటికీ పక్కన, పంచె సర్దుకుని కూర్చున్నాను. వెనక బలపం చప్పుడు. పోలమ్మ ఇంకా గీస్తూనే ఉంది. "పోలమ్మా!" అన్నాను. ఎంత తెలివితక్కువ పని! ఆమె నాకు నాలుగు మూరల దూరంలో ఉంది. అక్కడికి చేరాలంటే కుర్చీ దిగాలి. ఎవరూ లేరు కనుక దిగవచ్చు. కానీ తిరిగి వచ్చేవాళ్ళు నన్ను నేల మీద చూస్తారు. దిగలేదు. కాసేపటికి తనే తల ఎత్తింది. ఖాళీ గది చూసింది. నావైపు చూసింది. ఆమె గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. కిటికీకి నీలం కాగితం ఉంది, బయట ఏమీ కనబడదు. అయినా అటే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు వచ్చారు నరసమ్మ టీచరు. బక్కగా, పొడుగ్గా ఉండేవారు. మణికట్టు లోపలివైపుకు గడియారం పెట్టుకునేవారు. మా బడికి వచ్చి నెలరోజులు కూడా కాలేదు. కందకంలో తలలు లెక్కపెట్టుకుంటే రెండు తక్కువయ్యాయట. గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూశారు. పోలమ్మను దగ్గరికి తీసుకున్నారు. తరువాత నావైపు తిరిగారు.

"ఒరే, గంట ఇనబడనేదా నీకు?"

నా జన్మలో నన్ను ఒరే అన్న మొదటి మనిషి ఆవిడ.

"వినబడింది."

"మరేటి అలగ కూకున్నావు?"

"గురువులు వస్తాడు."

"ఎప్పుడొస్తాడు?"

"నాలుగింటికి."

ఆవిడ గడియారం చూసుకున్నారు. పదకొండున్నర. "ఓహో. అయితే ఆ పాకిస్తానోడికి కబురెట్టాల. మా బాబుగారి మనిషి నాలుగింటికి గానీ రాడు, అందాకా బాంబెయ్యొద్దని. బాంబు నాలుగింటిదాకా ఆగుతాదా?" అని, పోలమ్మ భుజం మీద చెయ్యి వేసి, "నీకు గంట ఇనబడింది. దీనికి ఇనబడదు. ఇద్దరూ ఒక్క గదిలోనే ఉన్నారు. సిగ్గునేదట్రా?" అన్నారు.

అందరూ నన్ను చూసి జాలిపడే ఊళ్ళో, నన్ను తప్పు చేసినవాడిలా నిలదీసిన మనిషి ఆవిడొక్కరే. ఇంటికి వెళ్ళాక కూడా నాకు అన్నం సయించలేదు.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గారు ఆవిణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన చాలా వినయంగా, యుద్ధం అయిపోయేదాకా అబ్బాయిగారిని ఇంట్లోనే ఉంచితే మంచిదని, పోలమ్మ వాళ్ళకూ అదే మాట చెప్పామని అన్నారు. నాయనమ్మ ముఖంలో ఎన్నాళ్ళకో ఒక తృప్తి చూశాను. మాట తప్పిన పాపం ఆవిడకు అంటదు. యుద్ధానికి అంటుతుంది. నాకు వెనకగది తలుపు కనిపిస్తోంది.

"ఈ యుద్ధం అయిపోతాదండమ్మా. తరవాత తుపానొస్తాది. అదీ పోతే కలరా వస్తాది. ఇంట్లో కూకోబెట్టడానికి ఏదో ఒకటి దొరుకుతాది" అన్నారు నరసమ్మ టీచరు. "పిల్లడు కుర్చీ దిగి, పాక్కుంటూ కందకంలోకి వస్తే సాలు. నాను సూసుకుంటాను."

"మా పిల్లవాడు పాకడమా? పదిమంది ముందరా?" అంది నాయనమ్మ.

"ఇంట్లో పాకడాండీ?"

టీచరు వంగి నా మోచేతులు తిప్పి చూశారు. అక్కడ నల్లగా కాయలు కాచి ఉన్నాయి. "బాగానే పాకుతాడు" అని లేచి నిలబడ్డారు. "అమ్మగారూ, పరువు మీదే, కాదనను. బాంబు పడిన రోజున ఆ కుర్చీలో మీ పరువు ఒక్కటే మిగులుతాది. పిల్లడు మిగలడు."

హెడ్మాస్టరు గారు గోడ వైపు చూస్తున్నారు. నాయనమ్మ ఒక తీర్పు చెప్పింది. బడికి వెళ్ళవచ్చు. గురువులు పొద్దస్తమానం బడి వరండాలోనే కూర్చుంటాడు. గంట మోగితే వాడే ఎత్తుకుపోతాడు. నేల మీదికి మాత్రం దింపడానికి వీల్లేదు.

మర్నాడు గురువులు నన్ను ఎత్తుకుని తరగతిలోకి వెళ్ళేసరికి కుర్చీ లేదు.

"కుర్చీ ఏదండీ?" అన్నాడు గురువులు కంగారుగా.

"సైన్యానికి ఇచ్చీసినాను. జనరల్ గారికి కూకోడానికి నేదంట" అన్నారు టీచరు నవ్వకుండా. "ఆ పోలమ్మ పక్కన దించీ."

అలా నేల మీదికి వచ్చాను. అయినా నేను లొంగలేదు. గంట మోగితే ముందు పోలమ్మ కాలు తట్టాలి, ఆమె లేచి పరుగెత్తాలి, వెనక నేను పాక్కుంటూ వెళ్ళాలి. ఇదీ ఆవిడ పెట్టిన పద్ధతి. మూడు రోజులు గంట మోగినప్పుడల్లా నేను చేతులు కట్టుకుని, గురువులు వచ్చి ఎత్తేదాకా కూర్చున్నాను. పోలమ్మను ఎవరో ఒకరు లాక్కుపోయేవారు. "పోలమ్మకు కాళ్ళున్నాయిగా, అదే నన్ను లాక్కెళ్ళొచ్చు" అని కూడా వాదించాను. "అది నీ బోయీ కాదు" అన్నారావిడ. గురువులు నాతో రహస్యంగా, "బాబూ, ఆ టీచరుతో పెట్టుకోకండి, ఆవిడికి దెయ్యమే బయపడిపోతాది" అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం లెక్కలు చేస్తున్నాం. సముద్రం మీదనుంచి మోత వినిపించింది. విమానం. చాలా తక్కువ ఎత్తులో వస్తున్నట్టుంది, కిటికీ నీలం కాగితాలు వణికాయి. రైలుపట్టా గంట పిచ్చెత్తినట్టు మోగింది. ఆ రోజు ఎవరూ వరసలో పోలేదు. ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తారు. నరసమ్మ టీచరు వరండాలో చిన్న తరగతి పిల్లలను ఇద్దరిద్దరిగా ఎత్తి బయట పడేస్తున్నారు. గురువులు లోపలికి దూకి నన్ను భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటుతుండగా అతని వీపు మీదుగా వెనక్కు చూశాను. పోలమ్మ గోడవైపు తిరిగి, తల వంచుకుని, తెరచాప గీస్తోంది.

"దించు" అన్నాను.

"బాబూ, అమ్మగారు సంపేస్తారు."

"దించు గురువులూ!" వీపు మీద పిడికిళ్ళతో గుద్దాను. అతను బెదిరిపోయి దించాడు. ఒక మాట ఒప్పుకోవాలి. గురువులే వెళ్ళి పోలమ్మను తట్టవచ్చు. ఆ సంగతి అతనికీ తోచలేదు, నాకూ తోచలేదు. నాకు తోచింది ఒక్కటే, ఆ రోజు నేను కిటికీ వైపు తిప్పుకున్న మొహం. పాక్కుంటూ వెళ్ళి పోలమ్మ అరికాలి మీద ఒక్క చరుపు చరిచాను. ఆమె తిరిగింది, చూసింది, పలక విసిరేసి బాణంలా పోయింది. ఆ వెనక నేను. గుమ్మం, మూడు మెట్లు, ఆపైన ఎండకు కాలిన ఇసుక, సరుగుడు కాయలు. పంచె ఎక్కడో ఊడిపోయింది, లాగుతోనే పాకాను. నా పక్కన గురువులు రెండు చేతులూ చాపుకుని, ఎత్తడానికి లేక, ఊరుకోవడానికి లేక, ఏడుస్తూ నడిచాడు. కందకంలోంచి బడి మొత్తం నన్ను చూస్తోంది. అందరి పళ్ళ మధ్యా తువ్వాళ్ళున్నాయి కనుక ఎవరూ నవ్వలేకపోయారు.

కందకంలోకి దొర్లి ఎవరి మీదో పడ్డాను. విమానం తలల మీదుగా విశాఖపట్నం వైపు వెళ్ళిపోయింది. అది మనదేనని తరువాత తెలిసింది. తల ఎత్తి చూస్తే నరసమ్మ టీచరు. నాలుగు తరాల పరువును ఆ ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చాను. ఒక్క మంచి మాట అంటారని చూశాను. ఆవిడ మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నారు.

"లేటు. రేపు ఇంకా బేగి రావాల."

నాకు ఏడుపు రాలేదు. అంత కోపం వచ్చింది.

కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది. నాయనమ్మ గీరుకుపోయిన నా మోకాళ్ళు చూసి, తనే చెంబుతో నీళ్ళు తెచ్చి కడిగింది. ఆవిడ ఎవరికైనా కాళ్ళు కడగడం అంతకు ముందు నేను చూడలేదు. కడగడం అయ్యాక గురువులుతో, "రేపటినుంచి దిగబెట్టి వచ్చేయి. అక్కడ కూర్చోవద్దు" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బడినుంచి తిరిగొచ్చిన కుర్చీని వెనకగదిలో పెట్టించి, తలుపు వేయించింది. ఆ గదిలోకి వెళ్ళింది ఆ కుర్చీ ఒక్కటే.

యుద్ధం రెండు వారాల్లో ముగిసింది. ఆవిడ గంట మాత్రం ముగియలేదు. "యుద్ధం అయిపోయింది కదండీ" అంటే, "తుపాను ఉన్నాది కదరా" అనేవారు. నేను ఆ బడి విడిచేదాకా ప్రతి శనివారం ఇసుకలో పాకించారు. ఒక్కసారి కూడా బాగుందనలేదు. ఏళ్ళ తరువాత, కాళ్ళకు పట్టీలు, చేతిలో ఉద్యోగం కాగితం, రెండు కర్రల మీద నిలబడి ఆవిడ గుమ్మంలోకి వెళ్ళాను. "పదింటికి వస్తానన్నావు. పదిన్నరయింది" అన్నారు. అదే ఆఖరి చూపు. పోలమ్మ భావనపాడులో కాపురం ఉంటోంది. ఒడ్డున చేపలు ఎండబెడుతున్నప్పుడు నేను కనబడితే, వచ్చి నా బూటు మీద ఒక్క చరుపు చరిచి, నాలుగడుగులు పరుగెత్తి, వెనక్కు తిరిగి నవ్వుతుంది. ముసలావిడ ఇప్పుడు. అయినా మానదు.

మొన్న సైరన్ కూసినప్పుడు వీధంతా గోలగోలగా మైదానం వైపు పోయింది. ఇసుక లేని నా అరచేతులు చూసుకుని, కర్రలు అందుకుని ఎదురింటికి వెళ్ళాను. హాసిని కిటికీ దగ్గర, చక్రాల కుర్చీలో, పోయేవాళ్ళను చూస్తోంది. ఆ ఇంటికి వీధిలోకి అయిదు మెట్లు.

"మాకు వద్దన్నారు కదండి" అంది వాళ్ళమ్మ. "పాపకి మెట్లు కష్టం. వాళ్ళ నాన్న ఆరింటికొస్తారు, ఆయనైతే ఎత్తుకుంటారు."

నవ్వాలో అరవాలో తెలియలేదు. "అమ్మా, అందాకా ఎవరు ఆగుతారు?" అన్నాను. హాసిని వైపు తిరిగి, "మెట్లమీద కూర్చుని ఒక్కో మెట్టూ జారగలవా?" అని అడిగాను. ఆ పిల్ల వాళ్ళమ్మ ముఖం చూసింది, వీధి చూసింది. "అందరూ... చూస్తారు" అంది.

"చూస్తారు" అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా దిగింది. అయిదు మెట్లూ జారింది. వాళ్ళమ్మ పెదవి కొరుక్కుంటూ కుర్చీని వెనక దించింది. మధ్యలో నా కర్ర జారి నేనూ ఒకసారి చతికిలబడ్డాను, ఆ పిల్ల పకపకా నవ్వింది. మైదానం చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. ఉదయం వచ్చిన ఆ కుర్రాడు ఒక్కడే తాడు చుట్టుకుంటూ, "అయ్యో తాతగారూ, మీకెందుకండీ ఈ శ్రమ? మీ పేర్లు తీసేసినాం కదా" అన్నాడు. "మళ్ళీ రాయి" అన్నాను. నా గొంతు నాకే కరుగ్గా వినిపించింది. అతను కాగితం తీసి రాశాడు, ఆ తరువాత హాసినిని చూసి చప్పట్లు కొట్టాడు.

నా గడియారం కూడా మణికట్టు లోపలివైపే ఉంటుంది. ఎప్పుడు అలవాటైందో గుర్తులేదు. ఏ గంట మోగినా నా కళ్ళు గుమ్మం వైపు పోవు. గదిలో ఇంకా ఎవరు కూర్చుని ఉన్నారో వెతుకుతాయి. అది ఎప్పుడు అలవాటైందో మాత్రం బాగా గుర్తుంది.

హాసిని చెమట తుడుచుకుని, ఎర్రబడ్డ అరచేతులు చూసుకుని, మెచ్చుకోలు కోసం నావైపు చూసింది. మణికట్టు తిప్పి చూశాను. పద్దెనిమిది నిమిషాలు.

"లేటు. ఈసారి ఇంకా బేగి రావాల" అన్నాను.

ఆ పిల్ల ముఖం కోపంతో జేవురించింది. ఆ కోపం నాకు తెలుసు. మెట్లు దిగడానికి అది చాలు.